చంటిదాని గంట

సాయంత్రం ప్రెస్ నుంచి రాగానే కోడలు చెప్పులు గుమ్మంలో విడిచి నేరుగా సింకు దగ్గరికి వెళ్ళేది. పొద్దుటి నుంచి పుస్తకాల వీపులకి పూసిన జిగురు గోళ్ళ సందుల్లో ఎండి పట్టేసి ఉండేది. అది వదిలేదాకా బ్రష్షుతో రుద్ది, చేతులు తుడుచుకున్నాక గానీ చంటిదాన్ని ఎత్తుకునేది కాదు. ఎత్తుకుని చెవి పక్కనున్న పట్టీ లాగితే చర్రుమని ఊడేది. తెల్ల హెల్మెట్ తల నుంచి విడిపోగానే చెమట వాసనా, పులిసిన పాల వాసనా కలిసి గుప్పుమనేవి. లోపలి మెత్తటి పొరని స్పిరిట్ గుడ్డతో తుడిచి, కిటికీ అంచు మీద ఆరబెట్టి, అప్పుడు వేళ్ళ కొసలతో ఆ చిన్న తలంతా తడిమి చూసేది, ఎక్కడైనా ఎర్రగా కమిలిందేమోనని.

చంటిది మెడ ఒక పక్కకి పట్టేసి పుట్టింది. ఎలా పడుకోబెట్టినా కుడివైపుకే తిరిగేది. నెలలు గడిచేకొద్దీ తల వెనక కుడిపక్క అరచేత్తో అదిమినట్టు చదునైపోయింది. చెవి ముందుకి జరిగింది. మెడకి వ్యాయామాలు చేయించారు, పక్కలు మార్చారు, మెలకువగా ఉన్నంతసేపూ బోర్లా పడుకోబెట్టారు. మెడ సర్దుకుంది గానీ తల సర్దుకోలేదు. చివరికి కొలతలు తీసి హెల్మెట్ చేయించారు. రోజుకి ఇరవైమూడు గంటలు అది నెత్తిన ఉండాలి. మిగిలిన ఒక్క గంటా స్నానానికీ, తుడుచుకోడానికీ.

ఆ గంట మిగతా గంటల్లా ఉండేది కాదు. సాగేది. హెల్మెట్ తీసిన దగ్గర్నుంచీ గోడ గడియారం ముల్లు నీళ్ళలో నడిచినట్టు నడిచేది. చంటిదానికి స్నానం అయ్యేది, పాలు తాగేది, ఓ కునుకు తీసి లేచేది, తల్లి జుట్టు గుప్పిట్లో పట్టుకుని ఆడేది, మళ్ళీ నిద్రపోయేది. అప్పటికింకా ముల్లు సగం చుట్టు కూడా తిరిగి ఉండేది కాదు. ఆ సాగుడు ఇంటితో ఆగక మెట్లు దిగి వీధి మలుపు దాకా పాకేది. పై అంతస్తు టైలరు మర్నాటికివ్వాల్సిన కోట్లన్నీ ఆ గంట కోసమే అట్టే పెట్టుకునేవాడు. ఎదురింటి మేష్టారు లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బాల్కనీలోంచి కేకేసేవాడు.

"ఏమ్మా, తీశావా?"

"ఇదిగో, తీస్తున్నా మేష్టారూ!"

ఆయన కళ్ళజోడు తగిలించుకునేవాడు.

కోడలు, హెల్మెట్ చేసిచ్చిన డాక్టరమ్మని ముందే అడిగి పెట్టుకుంది. "మా ఇంట్లో ఆ గంట బాగా సాగుతోందండీ. పాప తలకేమైనా నష్టమా?"

డాక్టరమ్మ హెల్మెట్ లోపలి పొరని చిన్న మిషనుతో అరగదీస్తూ, "సాగేది మనకమ్మా. ఎముక మాత్రం గడియారాన్నే నమ్ముతుంది. ముల్లు ప్రకారం గంట దాటనివ్వకు, చాలు," అంది.

కోడలు దాటనివ్వలేదు. గొడవంతా అక్కడే వచ్చింది.

పగలంతా చంటిదాన్ని చూసుకునేది అత్తగారు. ఆవిడకి ఆ హెల్మెట్‌ని చూస్తే ఒళ్ళు మండేది. "నలుగురు పిల్లల్ని పెంచాను. ఒక్కరి నెత్తినైనా బకెట్టు బోర్లించానా? తలలు వాటంతటవే గుండ్రబడ్డాయి," అనేది.

"మీ అబ్బాయి తల వెనక చెయ్యి పెట్టి చూడండత్తయ్యా. గ్లాసు పెడితే నిలబడుతుంది."

బస్సు డ్యూటీకి బయల్దేరుతున్న మొగుడు గబుక్కున టోపీ పెట్టేసుకునేవాడు. అమ్మ మాట్లాడితే అమ్మ వైపు, పెళ్ళాం మాట్లాడితే పెళ్ళాం వైపు తలాడించి బతికేస్తున్న మనిషి అతను.

ఒకరోజు కోడలు ఇంటికొచ్చేసరికి కుర్చీ మీద పచ్చరంగు స్వెట్టర్ ఉంది. పొద్దున తను వెళ్ళేటప్పుడు అది ఊలు ఉండ. ఇప్పుడు రెండు చేతులూ, మెడ పట్టీ, గుండీలతో సహా తయారై ఉంది. అలమర సర్ది ఉంది. కిటికీ అద్దాలు తళతళలాడుతున్నాయి.

"ఒక్క పగట్లో ఇంత పని ఎలా అయిందత్తయ్యా?"

అత్తగారు ఊలు సూదులు చీర కొంగు కింద దాచుకుంది. "చెమటకి పిల్ల గింజుకుంటుంటే కాసేపు తీశాను. నీకు గుండె లేకపోతే నాకూ ఉండొద్దా?"

కోడలు స్వెట్టర్ మడతపెట్టి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "గింజుకుంటే నాకు బాధ లేదనుకోకండి. ప్రెస్‌లో కుట్టే మిషన్ ముందు కూర్చుని దీని ఏడుపే వింటుంటా. కానీ రేపు ఇది పెద్దదై, అమ్మా, నా తల సరిచేసే వీలుండగా ఎందుకు చెయ్యలేదూ అనడిగితే, మీ నానమ్మకి జాలేసిందే అని చెప్పలేను. రేపట్నుంచి ఊలు ఉండ ఉండలాగే ఉండాలి."

మర్నాడు కోడలు తిరిగొచ్చేసరికి ఊలు ఉండ ఉండలాగే ఉంది.

ఆడపడుచు పెళ్ళిలో ఫోటో దగ్గర మళ్ళీ మొదలైంది. పెళ్ళికూతురే పిలిచి, "వదినా, ఒక్క ఫోటోకి తీసెయ్యవూ? అడిగిన వాళ్ళకల్లా చెప్పలేక చస్తున్నా," అంది.

"ఎందుకు చెప్పలేవు? తల సరిచేస్తున్నాం అని చెప్పు. రెండే మాటలు."

"పోనీ వెనక వరసలో నిలబడు."

కోడలు ముందు వరసలోకి వెళ్ళి, సరిగ్గా మధ్యలో, చంటిదాన్ని భుజాల కంటే ఎత్తుగా పట్టుకుని నిలబడింది. ఫోటోలో పెళ్ళికొడుకు గడ్డం కనిపించదు. హెల్మెట్ మాత్రం నిండు చందమామలా ఉంటుంది.

ఆ తర్వాత సంగతి ప్రెస్ దాకా పాకింది. టైలరు నోరు ఊరుకోదు. పరీక్షల పుస్తకాల ఆర్డరు నెత్తి మీదికొచ్చిన వారం, యజమాని కోడలిని గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. అంతకుముందెప్పుడూ ఆ గదిలో ఆమెకి కుర్చీ లేదు.

"పాపని ఇక్కడికి తీసుకురామ్మా. మధ్యాహ్నం ఓ మూడు గంటలు ఆ టోపీ తీసి కూర్చోబెట్టు. వారం పని ఒక్కపూటలో తేలిపోతుంది. ఉయ్యాల కూడా కొనిపెడతా."

"దానికి రోజుకి ఒక్క గంటే సార్. అది దాని స్నానానికి."

"మూడు గంటలకి తలేం ఊడిపోతుందమ్మా? పిల్లలు ఎలాగైనా పెరుగుతారు. ఆర్డరు పోతే తిరిగిరాదు."

కోడలు కుర్చీలోంచి లేచింది. "తలా అంతే సార్. ఎముక గట్టిపడ్డాక తిరిగిరాదు. నా కూతురి నెత్తి మీద మీ పుస్తకాలు కుట్టను."

"అయితే రేపట్నుంచి ప్యాకింగ్‌కి వెళ్ళు."

"ఇవాళే వెళ్తా."

పదేళ్ళు పుస్తకాలు కుట్టిన చేతులు ఆ రోజు నుంచి కట్టలు కట్టాయి. సుతిలి తాడు కోసి వేళ్ళు పగిలాయి. ఇంటికొచ్చి జిగురు రుద్దుకునే బదులు మందు రాసుకుని, చేతులు తుడుచుకుని, పట్టీ లాగేది. ఆ పగిలిన వేళ్ళని అత్తగారు చూసింది. ఆ పూట స్పిరిట్ గుడ్డ తనే అందుకుని హెల్మెట్ లోపలంతా తుడిచింది.

చికిత్స చివరికి వస్తోందనగా, ఒక సెలవురోజు పొద్దున వంటగదిలో గిన్నె పడిన చప్పుడైంది. కోడలు వెళ్ళి చూస్తే అత్తగారు గోడకి జారబడి ఉంది. మూతి ఒక పక్కకి వంగిపోయింది. ఎడమ చెయ్యి తనది కానట్టు నేల మీద పడి ఉంది. మొగుడు బస్సు మీదున్నాడు. టైలరు ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. చంటిదాన్ని ఎవరి చేతిలోనైనా పెట్టాలన్న ఆలోచన కూడా రాక, చంకన వేసుకునే కోడలు అందులోకి ఎక్కేసింది.

వంతెన దగ్గర బండి ఆగిపోయింది. లారీ ఒకటి అడ్డంగా బోల్తాపడి ఉంది. ముందూ వెనకా కదల్లేని బళ్ళు. అంబులెన్స్‌లోని నర్సు అద్దంలోంచి చూసి పెదవి విరిచాడు.

"మెదడులో గడ్డ కట్టి ఉంటే కరిగించే ఇంజెక్షన్ ఉందమ్మా. ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. ఆలస్యమైతే ఇవ్వరు. ఇక్కడ చూస్తే..."

కోడలు పట్టీ మీద చెయ్యేసింది.

అత్తగారి కుడిచెయ్యి లేచి ఆ చేతిని పట్టుకుంది. వంకరపోయిన నోట్లోంచి మాట కష్టపడి బయటికొచ్చింది. "వ... ద్దు. దాని... తల."

"ఊరుకోండత్తయ్యా. ఎప్పుడు పెట్టాలో నేనే చెప్పాను, ఎప్పుడు తియ్యాలో కూడా నేనే చెప్తా."

చర్రుమని పట్టీ ఊడింది.

వంతెన మీద కాలం సాగింది. క్రేను వచ్చింది. లారీకి గొలుసులు కట్టారు, తెగాయి, మళ్ళీ కట్టారు. బళ్ళ వాళ్ళు దిగి, తిట్టుకుని, అలసిపోయి, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ నెమ్మదిగా బళ్ళు వెనక్కి జరుపుకున్నారు. అంబులెన్స్ డ్రైవరు పేపరంతా చదివి అద్దె ఇళ్ళ ప్రకటనల్లోకి దిగాడు. చంటిది పాలు తాగి పడుకుని లేచింది. చివరికి దారి దొరికేసరికి కూడా నర్సు మణికట్టు మీది గడియారం మాత్రం ఉన్నచోటనే ఉన్నట్టుంది. అత్తగారి మూతి ఇంకొంచెమైనా వంగలేదు. ఆ గడ్డ కూడా గడియారాన్నే నమ్మింది.

ఆసుపత్రిలో డాక్టరు గుమ్మంలోనే, "అప్పుడే తీసుకొచ్చేశారే, మంచిపని చేశారు," అని స్ట్రెచర్ లాక్కెళ్ళాడు. స్కానింగూ, పరీక్షలూ, ఇంజెక్షనూ. కోడలు హెల్మెట్ సంచిలో వేసుకుని గుమ్మం పక్క బల్ల మీద కూర్చుంది. ముల్లు మీద గంట దాటింది. లోపల ఇంకా హడావుడి తగ్గలేదు. ఆమె హెల్మెట్ పెట్టలేదు. ఆ రోజూ పెట్టలేదు, ఆ మర్నాడూ పెట్టలేదు. గండం గడిచిందని డాక్టరు చెప్పేదాకా, చెవుల దగ్గర చెమట ఆరిన ఆ బోడి తల్లో ముక్కు పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఆ రెండు రోజుల్లో అక్కడి నర్సులందరికీ కూర్చుని తినే తీరిక దొరికింది.

తిరిగి పెట్టబోతే హెల్మెట్ పట్టలేదు. అసలే తల పెరిగే వయసు, లోపలి పొర అరగదియ్యడానికి ఇక మిగల్లేదు. డాక్టరమ్మ కొలతలు తీసి చూసింది. "చాలావరకు వచ్చేసింది. కుడి చెవి వెనక బొటనవేలంత చోట మాత్రం కొంచెం పల్లం ఉండిపోయింది. ఇంకో హెల్మెట్ చేయించినా ఈ వయసులో అది నిండదమ్మా. నీ తప్పేం కాదు."

"తప్పని నేననలేదండీ," అంది కోడలు.

హెల్మెట్ వెళ్ళాక గంటలన్నీ మామూలు గంటలయ్యాయి. టైలరు కోట్లు మళ్ళీ ఆలస్యమయ్యాయి. మేష్టారు లావు పుస్తకం మానేసి సన్నవి మొదలుపెట్టాడు. కోడలు యజమాని గదికి వెళ్ళి, పిలవకుండానే కుర్చీలో కూర్చుని, తన మిషన్ తనకి కావాలని అడిగింది. ప్యాకింగ్‌కి ఆమె వెళ్ళిన నాటి నుంచి వంకరగా వస్తున్న పుస్తకాల కుప్ప ఆయన వెనకే ఉంది. ఇచ్చాడు.

అత్తగారికి మాట తిరిగొచ్చింది. ఎడమచెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఒకనాడు ఆడపడుచు పుట్టింటికొచ్చి, మేనకోడల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తలంతా నిమిరి చూసింది. వేళ్ళు చెవి వెనక ఆగాయి.

"అయ్యో వదినా! అందరితో అన్ని మాటలు పడి, అంత యుద్ధం చేసి, చివరికి ఇక్కడ ఇంత వదిలేశావేంటి?"

కోడలు నోరు తెరిచే లోపు అత్తగారు లేచింది. గోడ పట్టుకుంటూ వచ్చి, చంటిదాన్ని కూతురి ఒళ్ళోంచి కుడిచేత్తో లాక్కుంది. ఇంకా సరిగ్గా ముడుచుకోని ఎడమచేతిని పైకెత్తి, బొటనవేలు తీసుకెళ్ళి ఆ పల్లంలో పెట్టింది. అక్కడ అది సరిగ్గా పట్టింది.

"ఇది నాది," అంది. "దీన్నేమైనా అనాలంటే నన్నను."