ఎర్రబడిన మోచేతి పట్టీ

ఆ పట్టీ మీద నాకు మొదటి రోజు నుంచీ అనుమానమే. బంతి విసిరేవాడి మోచేతికి తొడుగుతారు. విసిరిన ప్రతిసారీ కీలు మీద ఎంత భారం పడిందో ట్యాబ్‌లో చూపిస్తుందట, హద్దు దాటితే ఎర్రబడుతుందట! ముప్పై ఏళ్ళుగా కాన్సాస్ కాలేజీల్లో కుర్రాళ్ళకి బేస్‌బాల్ విసరడం నేర్పుతున్నాను. చెయ్యి పాడైతే నా కళ్ళకి తెలియదా? పైగా పోయిన వారం అది ఉత్తినే ఎర్రబడింది. బాగున్నవాణ్ణి మధ్యలో దింపి, గెలిచే ఆట ఓడిపోయాం.

అందుకే శనివారం ఆటలో, తొమ్మిదింట్లో ఏడో ఇన్నింగ్స్ అయ్యాక ఫిజియో టెస్సా ట్యాబ్ పట్టుకొస్తే నాకు ఒళ్ళు మండింది.

"కోచ్, కోల్బీ పట్టీ లెక్కలు చూడండి. ఆరో ఇన్నింగ్స్ నుంచీ ఎరుపే."

"నీ ట్యాబ్‌కి కళ్ళకలకేమో! అవతలివాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు వాడి బంతి కొట్టి బేస్ చేరలేదు. ఇంకో ఆరుగురు ఔటైతే..."

"అబ్బా, పైకి అనకండి కోచ్!" అన్నాడు క్యాచర్ డ్వేన్, నా నోరు మూసినంత పని చేసి.

నిజమే, తప్పు నాదే. ఎవరూ కొట్టలేకుండా అలా నడుస్తున్నప్పుడు ఆ మాట ఎత్తితే దిష్టి తగులుతుందని మా ఆటలో నమ్మకం. విసిరేవాడి పక్కన కూర్చోకూడదు, పలకరించకూడదు. కోల్బీ బెంచీ చివర ఒక్కడే ఉన్నాడు. పట్టీ కంపెనీవాళ్ళే మా మీదికి తోలారేమోనని టెస్సాని కూడా అనుమానించాను.

ఎనిమిదోది అయ్యాక కోల్బీ నీళ్ళ సీసా అందుకున్నాడు. కుడి చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. బెంచీ అంతా నన్ను తినేసేలా చూసింది.

"ఏరా, చెయ్యెలా ఉంది?"

"చిటికెన వేలూ దాని పక్కదీ తిమ్మిరి కోచ్. ఆరో ఇన్నింగ్స్ నుంచి."

"మరి చెప్పి ఏడవవేంరా వెధవా!"

"ఎవరితో చెప్పను? ఒక్కరూ నా వంక చూడందే!"

అక్కడికక్కడే దింపేశాను. తొమ్మిదోదాంట్లో కొత్తవాడి మొదటి బంతికే వాళ్ళు కొట్టారు. డ్వేన్ మాస్కు తీసి నేలకేసి కొట్టాడు.

సోమవారం డాక్టరు ఫిల్ము చూపించాడు. మోచేతి కీలుని పట్టి ఉంచే లిగమెంటు తెగింది, ఆపరేషన్ తప్పదు, ఏడాది పైనే ఆట లేదు. మొదట్లోనే ఆపి ఉంటే విశ్రాంతితో పోయేదేమో అన్నాడు.

"పట్టీ తొడిగారట కదా, ఎరుపు చూపించలేదా?" అని అడిగాడు.

కోల్బీ నా వైపు చూశాడు.

"చూపించింది" అన్నాను.