రెండు కాళ్ల డ్రైవింగ్

మా బావమరిది స్పోర్ట్స్ కారు గేర్‌బాక్స్ నేను విప్పగానే నా మెకానిక్ షెడ్డంతా కాలిన వెంట్రుకల కంపు కొట్టింది. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ తారులా కారింది.

"ముందు ఆయిల్ చల్లబడ్డానికి పెద్ద కూలర్ పెట్టాను. పోయినసారి గట్టి క్లచ్ ప్లేట్లు వేశాను. ఇంకేం చెయ్యమంటావురా?" అన్నాను.

"ఆటోమేటిక్ గేర్ల బండి అంటేనే అంత బావా, నమ్మడానికి లేదు" అన్నాడు, తనకేదో అన్యాయం జరిగినట్టు మొహం పెట్టి.

ఒళ్లు మండింది. అయినా మా ఆవిడ మొహం చూసి మళ్లీ కొత్త ప్లేట్లు వేశాను. ఈసారి మాత్రం వాడు నడిపే తీరు చూద్దామని పక్క సీట్లో కూర్చున్నాను.

సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. పక్కనే సిటీ బస్సు ఆగింది. వీడు ఎడమకాలితో బ్రేకు, కుడికాలితో యాక్సిలరేటర్ కలిపి తొక్కిపట్టాడు. కారు నిలబడ్డచోటే గావుకేకలు పెట్టింది.

"అదేం పనిరా? లోపల ఆయిల్ కాగి ప్లేట్లు మాడిపోతున్నాయి, కాలు తియ్యి!"

"పచ్చ పడగానే ఎగరాలి కదా బావా. రోజూ ఇంతేగా!"

రోజూనట! ప్రతి సిగ్నల్ దగ్గరా అదే తంతు. ఆఖరికి పెద్ద కూడలిలో పచ్చ లైటు పడింది. ఇంజను అరిచింది గానీ కారు అంగుళం కదల్లేదు. బస్సు మమ్మల్ని దాటుకుని తాపీగా వెళ్లిపోయింది. వెనక హారన్లు. లోపల మళ్లీ అదే కంపు.

వాడు ముక్కు మూసుకుని నావైపు తిరిగాడు.

"ఇంతకంటే గట్టి ప్లేట్లు దొరకవా బావా?"