కుడికాలి బొటనవేలు

వరదలో నది పాత వంతెనను ఎత్తుకుపోయిన మరుసటి ఏడు అది. పొద్దున్నే తల్లి మంచాన పడ్డ కొడుకును పక్కకు తిప్పి, వీపుకు అరచెయ్యి ఆనించి మెల్లగా కిందికి జరుపుతోంది. ఆమెకు చూపు మసక. ఒళ్ళు ఎర్రబడితే కంటికి ఆనదు, వేడి మాత్రం చేతికి చిక్కుతుంది. నడుము, తుంటి, మడమలు. స్పర్శ లేనిచోట పుండు పడితే పడ్డవాడికే తెలియదని నర్సు చెప్పినప్పటి నుంచి ఒక్క పూటా మానలేదు.

"మడమ వెచ్చగా ఉందిరా. పరుపుకు ఆనించావు."

"నేనెక్కడ ఆనించానమ్మా, అదే ఆనింది."

"అవున్లే, నీ కాళ్ళు ఎప్పుడు మాట విన్నాయి గనక! బడికి పొమ్మంటే బజారుకు పోయేవి."

పిక్క కింద దిండు పెట్టి మడమను గాలిలో ఉంచింది. ఆ కాస్త పనికే ఆయాసపడి మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఆమె గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. వీడి కాలు లేస్తే చూసి పోతానని ఆమె అనని రోజు లేదు.

అతను గోడలకు రంగులు వేసేవాడు. నిచ్చెన జారి, మెట్టు అంచుకు వీపు తగిలేలా పడ్డాడు. వెన్నుపాము తెగలేదు, నలిగిందన్నారు ఆసుపత్రిలో. మెదడు పంపే కబుర్లు కొన్ని కిందికి దిగుతాయి, కొన్ని దారిలోనే ఆగిపోతాయి, ఎంత తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. తల్లి తెగలేదన్న ఒక్క మాటే పట్టుకుంది. తెగలేదంటే ఇక లేచి నడవడమే తరువాయి అనుకుంది.

ఎందరి ఇళ్ళకో రంగులు వేశాడు గానీ, తన గదికి రెండో పూత వేసుకోలేదు. పైకప్పు మీద కుంచె ఆగిన చోటు రోజంతా అతనికి ఎదురుగానే ఉంటుంది.

భార్య క్యాంటీన్లో గిన్నెలు తోమడానికి బయల్దేరుతూ, చేతులు కడుక్కుని అతనికి సన్న గొట్టంతో మూత్రం తీసింది.

"మధ్యాహ్నం నువ్వే తీసుకో. రావడం తెలియలేదని ఊరుకుంటే మళ్ళీ జ్వరం. అత్తయ్యా, ఆయాసంగా ఉంటే ఆయన్ని తిప్పకండి, నేనొచ్చి తిప్పుతా."

"నువ్వొచ్చేదాకా ఒకవైపే మాడిపోతాడే!" అంది తల్లి.

మధ్యాహ్నం తల్లి అతని కాళ్ళు తుడుస్తుంటే ఎడమకాలు ఒక్కసారిగా ఎగిరి దుప్పటిని తన్నింది.

"లేచిందిరా! ఒరేయ్, లేచింది! నువ్వే కదూ లేపావు?"

అవునంటే సరిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. పొద్దుటి నుంచీ తన ఒంటి మీద నిజం వెతుకుతున్న చేతులవి. వాటికి అబద్ధం చెప్పలేకపోయాడు.

"నేను కాదమ్మా. నరాల బిగువు. దానంతటదే తంతుంది."

ఆమె ముఖం వాడిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఆగు. కుడికాలి బొటనవేలు పట్టుకో."

అది ఈమధ్యే కదలడం మొదలైంది. ఎంత కొంచెమంటే, నర్సుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపే నడుస్తాడనుకుంటారని భయం. తల్లి వేలిని గుప్పిట్లో పెట్టుకుంది. అతను ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు. మళ్ళీ బిగబట్టాడు. నుదుటి మీద నరాలు లేచాయి. గుప్పిట్లో వేలు గింజంత మేర వంగింది.

"ఇది నేను."

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా. నడుస్తానో లేదో తెలియదు."

ఆమె ఆ వేలిని గుప్పిట్లోంచి వదల్లేదు.

"కడుపులో నువ్వు మొదట కదిలినప్పుడూ ఇంతేరా," అంది. "మీ నాన్నకు చెబితే నమ్మలేదు."

అతన్ని రెండో పక్కకు తిప్పింది. కుర్చీ లాక్కుని కాళ్ళ దగ్గర కూర్చుంది. పాదం మీద చెయ్యి వేసి, తల గోడకు ఆన్చింది.

చీకటి పడుతుండగా భార్య వచ్చింది.

"నెమ్మది. అమ్మ నిద్రపోతోంది," అన్నాడు.

భార్య అత్తగారి భుజం తాకి అలాగే ఆగిపోయింది. తల్లి చెయ్యి ఇంకా అతని పాదం మీదే ఉంది. అది ఎప్పుడు చల్లబడిందో ఆ పాదానికి తెలియలేదు.

మర్నాడు పొద్దున్న, మనుషులు వచ్చి తల్లిని తీసుకుపోకముందే, భార్య అతన్ని తిప్పబోయింది. వద్దన్నాడు. మంచం పట్టె పట్టుకుని, పళ్ళు బిగించి, తనే పక్కకు ఒరిగాడు. అరచేత్తో తుంటి తడుముకున్నాడు. నడుము తడుముకున్నాడు. చెయ్యి అంతకన్నా కిందికి పోలేదు.

"మడమలు నువ్వు చూడు. కళ్ళతో కాదు, చేత్తో."

ఆమె వంగింది. మంచం కోడు పక్కన పాత తువ్వాలు పడి ఉంది. మోకాళ్ళు ఒరుసుకోకుండా నిన్న తల్లి మధ్యలో పెట్టింది, రాత్రి జారినట్టుంది. తల్లి వేసిన మడత చెదరలేదు.