ఎనిమిది ఆకుల ఉత్తరం

పొద్దున్నే కూరల తొక్కలు, టీ పిప్పి, ఎండాకులు పొరలు పొరలుగా బాల్కనీలోని ఎరువు డబ్బాలో వేసి, కర్రతో కలిపి మూత పెట్టడం చెల్లెలి పని. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో చెల్లెలి పని కానిదేదీ లేదు. అన్నగారు ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో మాత్రం తను తాగిన గ్లాసు తీసిన పాపాన పోలేదు. బాల్కనీ తలుపు తీస్తే చాలు, ముక్కు మూసుకునేవాడు.

"చెత్త పోగేసుకుని మురిసిపోయే మనిషిని నిన్నే చూశాను," అనేవాడు. ఆ చెత్తలో కాసిన టమాటాలు మాత్రం మారు వడ్డించుకుని మరీ తినేవాడు. సిగ్గుండాలి మనిషికి.

ఆ ఎరువులో ఏ రాత కలిసినా కుండీల్లో ఆకుల మీదికి తిరిగొచ్చేది. ఓసారి పక్కింటావిడ మందుల చీటీ తొక్కల్లో కలిసిపోతే, మూడు నెలలకి తోటకూర మీద కనిపించింది. మందుల షాపతను ఆకు చూసే మందులిచ్చాడు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే, బాల్కనీలో కాలు పెట్టని ఈ పెద్దమనిషికి తప్ప.

బడిలో పిల్లలకి తోటపని నేర్పే ఉద్యోగానికి చెల్లెలు దరఖాస్తు పెట్టుకుంది. ఉండటానికి అక్కడే గది ఇస్తారట. నలభై ఏళ్లకి తనదంటూ ఒక గది. ఉత్తరం కోసం రోజూ ఎదురుచూసింది.

వచ్చిన ఉత్తరం అన్నగారి చేతిలో పడింది. నాలుగు నెలల తరవాత, బడి తెరిచే రోజున చేరమని ఉంది. ఇది వెళ్తే తనకి కాఫీ ఎవరిస్తారు? పెళ్లాం ఏనాడో మానేసింది. మహానుభావుడి బెంగంతా అదే. ఆ ఒక్కరోజూ ముక్కు మూసుకుని బాల్కనీలోకెళ్లి, ఉత్తరాన్ని ఎనిమిది ముక్కలు చేసి డబ్బాలో కుక్కి, కుళ్లిపోతుందిలే అని చేతులు కడుక్కున్నాడు.

"ఇంకా రాలేదా? నీకెవరిస్తారే ఉద్యోగం," అని పైగా జాలొకటి.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు వదిన పాలకూర కోసి, గిన్నె తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. "ఇది వండకు. చదువు," అంది.

ఎనిమిది ఆకులు. పక్కపక్కన పేరిస్తే ఉత్తరం మొత్తం ఉంది, కింద హెడ్‌మిస్ట్రెస్ సంతకంతో సహా. ఇంటికొచ్చే ఉత్తరాలు తీసుకునేది అన్నగారొక్కడే. చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. పేపరు చదువుకుంటున్న ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"నాలుగు నెలలు నా చేతి వంట ఎలా తిన్నావు అన్నయ్యా?"

"ఏం, ఉప్పు తక్కువైన రోజున కూడా నిన్నేమైనా అన్నానా?" అన్నాడాయన. ఆ బుర్రకి అంతకన్నా తోచలేదు.

"నువ్వెళ్లమ్మా," అంది వదిన. "కాఫీ పెట్టుకుంటే పెట్టుకుంటాడు, లేకపోతే మానేస్తాడు."

బడి తెరిచే రోజున చెల్లెలు ఆకుల్ని తడిగుడ్డలో చుట్టుకుని వెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ వాటిని బల్ల మీద పేర్చి చూసింది. "సంతకం నాదే. ఇన్ని ముక్కలు ఎవరు చేశారమ్మా?" అని అడిగింది.

ఇన్నేళ్లూ అన్నగారి ప్రతి వెధవపనికీ ఏదో ఒక సాకు చెప్పి పరువు కాపాడిన మనిషి. ఈసారి సాకు కోసం వెతకలేదు.

"మా అన్నయ్యండి," అని, బల్ల మీదున్న హాజరు రిజిస్టరుని తన ముందుకి లాక్కుని సంతకం పెట్టింది.