పాలలో పొడి కలిపిన బొమ్మ

కరీంనగర్‌లో ఫజలుద్దీన్ పొద్దున దుకాణాలకు బోర్డులు రాస్తాడు. మధ్యాహ్నం ఒక వారపత్రికకు బొమ్మల సీరియల్ గీస్తాడు. 1984లో ఒక మధ్యాహ్నం అతని ముందు ఆ పత్రికే వచ్చి పడింది.

"నువ్వేనా గీ బొమ్మలేసేది? నాలుగు రోజుల సంది మా ఇంటామె నా ఇంట్ల మెతుకు ముడ్తలేదు!"

బోథ్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పత్తి రైతు విద్యాసాగర్‌రావు. వెనకాల గోడకు ఆనుకుని భార్య మనోరమ. ఆమె పెదవులు ఎండి పగిలాయి.

పోయినేడు పురిట్లోనే బిడ్డ పోయింది. అప్పటినుంచి మనోరమకు నిద్ర లేదు, మాట లేదు. తలనొప్పి డాక్టరని చెప్పి రావు ఆమెను హైదరాబాద్‌లో మానసిక వైద్యుడికి చూపించాడు. పిచ్చిమందంటే వేసుకోదని, ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని, మాత్రలు నూరి పాలలో కలిపాడు. ఆమె కాస్త కోలుకుంటోంది కూడా.

అంతలో ఈ వారం బొమ్మల్లో ఒక భర్త పాలలో పొడి కలిపాడు. కింది బొమ్మలో భార్యను ఇనుప చువ్వల ఆసుపత్రిలోకి నెట్టాడు. కోరపళ్ల డాక్టరు కరెంటు తీగలు పట్టుకుని నవ్వాడు. మనోరమ పత్రిక మూసి, తన పాల గ్లాసు అడుగు చూసింది. తెల్లటి మడ్డి.

"వచ్చే వారం కథ తిప్పు," అన్నాడు రావు. "ఆమె బాగు కోసమే కలిపిండని గీయి. అప్పుడు తింటది."

"రావుసాబ్, మీరు కలిపిన్రా?"

"నా సంగతి నీకెందుకు?"

"కలిపిండు," అంది మనోరమ. "అన్నా, గసొంటి దవఖాన యాడుంది? గా డాక్టర్ను నువ్వు చూసినవా?"

ఫజలుద్దీన్ కుంచె కింద పెట్టాడు.

"లేదు చెల్లె. నేను లోపల అడుగే పెట్టలే. గా గేటు జైలుది చూసి గీసిన. జనం భయపడ్తేనే పత్రిక అమ్ముడువోతదని ఆఫీసోళ్లన్నరు."

"నేను భయపడ్డ."

లోపలి నుంచి అంతా విన్న అతని భార్య హఫీజా రొట్టె, పప్పు తెచ్చింది. తనే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "చూసినవ్‌గా? ఇగ జర తిను."

మనోరమ తింది. మొదట మెల్లగా, తరువాత ఆత్రంగా.

చేయి కడుక్కుని ఆమె భర్తను అడిగింది. "మాత్రలు తెచ్చిన్రా?"

అతను మాత్రల అట్ట, డాక్టరు చీటీ తీసిచ్చాడు. "వేసుకుంటవా?"

"నాకేమైందో ముందు డాక్టర్నే అడుగుత. మీరు బయట కూసోవాలె."

"నేను లేకుంటె ఎట్ల? నీకేం తెల్వదు."

"మీరు తెల్వనిస్తె గద!"

రావు తల దించుకున్నాడు. "తప్పయింది," అన్నాడు. ఆమె చీటీని కొంగున ముడేసుకుంది.

వాళ్లు వెళ్లాక ఫజలుద్దీన్ వచ్చే వారానికి గీసిన పేజీ తీసి నాలుగు ముక్కలు చేశాడు.

హైదరాబాద్ బస్సులో మనోరమ కిటికీ పక్కన కూర్చుంది. చీటీ విప్పి అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. రావు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చోమనలేదు.