నల్లకొంగకు రెండో సాక్షి

నా భార్యను అబద్ధాలకోరును చేసింది ఆమె సొంత తమ్ముడు. ఇందులో వాదనకేమీ లేదు.

మా ఊరి అవతల సరస్సు ఉంది. పక్షుల కోసం చుట్టూ కంచె వేసి, వేట మాన్పించి, ఒడ్డున చెక్క మంచె కట్టారు. ఆకులు రాలే కాలంలో వలస పక్షులు దిగుతాయి. అప్పుడు పిట్టల సంఘం వాళ్ళు పొద్దున్నే వస్తారు. సాయంత్రం గేటు దగ్గర షెడ్డులో టీ తాగుతూ ఎవరేం చూశారో చెప్పుకుంటారు. సంఘానికి పెద్ద ఒక పళ్ళ డాక్టరు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. కొత్త పక్షిని ఇద్దరు చూడాలి. ఒక్కరు చూస్తే చూడనట్టే.

కొన్నేళ్ళ కిందట నా భార్య ఆ మంచె మీది నుంచి నల్లకొంగను చూసింది. అంతకుముందు ఈ సరస్సులో దాన్ని చూసినవాళ్ళు లేరు. పక్కనే తమ్ముడున్నాడు. దుర్భిణి చేతులు మార్చుకుని మరీ చూశారు. సాయంత్రం ఆమె చెప్పగానే డాక్టరు నవ్వాడు.

"రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకిని చూసుంటావమ్మా."

అందరూ తమ్ముడి వైపు తిరిగారు. "నేను సరిగ్గా చూళ్ళేదండీ" అన్నాడు వాడు.

నలుగురిలో నవ్వులపాలు కావడమెందుకని అలా అన్నానని దారిలో అక్కతో చెప్పుకున్నాడు. చనిపోయేదాకా సంఘంలో ఆమె పేరు నీటికాకి గారు. మళ్ళీ మంచె ఎక్కలేదు. దుర్భిణిని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేసింది.

ఈ ఏడు వాడు మా ఇంటికొచ్చాడు.

"ఒక్కరే గోడలు చూస్తూ కూర్చుంటే ఏమొస్తుంది బావా? సరస్సుకు పోదాం రండి. అక్క దుర్భిణి కూడా తెచ్చుకోండి."

"గోడలు మాట మార్చవు."

విననట్టు నా చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. దుర్భిణి తీసుకుని వెళ్ళాను.

మంచె మీద మేమిద్దరమే. మిగతావాళ్ళు అవతలి గట్టుకు పోయారు. నీళ్ళ మీద మంచు విడిచేదాకా ఏమీ కనపడలేదు. ఆ తర్వాత బాతులు, అంతే. వాడి నోరు మాత్రం ఆగలేదు.

"అదిగో బావా, ఆ బాతు నడక చూడండి. అచ్చం మన డాక్టరు గారే."

"మీ డాక్టరు. నాకు పళ్ళూ లేవు, డాక్టరూ లేడు."

ఎండ ముదిరాక జమ్ము కదిలింది. అందులోంచి నల్లకొంగ బయటికొచ్చింది. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు, తెల్ల పొట్ట. తిరిగినప్పుడల్లా వీపు మీద ఆకుపచ్చ మెరుపు. ఒక చేపను పట్టింది, మింగింది, కాసేపు నిలబడింది. లేచి గట్టు దాటి పోయింది.

"అదే బావా! అక్క చూసిందే!" వాడు ఫోను తెరిచి చూసుకున్నాడు. హడావిడిగా తీసిన ఫొటోలో నల్లటి మరక తప్ప ఏమీ పడలేదు. "పోనీలెండి, మీరు చూశారు, నేను చూశాను. ఇక అక్క మాట నిలబడుతుంది."

మంచె దిగుతూ అడిగాను. "ఆ రోజు నువ్వూ చూశావని చెబుతావా?"

వాడు మెట్టు మీద ఆగాడు. "పాతవన్నీ ఇప్పుడు తవ్వడమెందుకు బావా? నా పరువేం కావాలి? ఇవాళ్టిది చాలదూ?"

షెడ్డులో వాడు నిలబడి చెప్పాడు. ఈసారి డాక్టరు నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"మీరూ చూశారా?"

వాడు నా నోటి వంకే చూస్తున్నాడు.

"నేను సరిగ్గా చూళ్ళేదండీ" అన్నాను.

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "అక్క నీటికాకి తమ్ముడి మీద వాలిందండోయ్!" షెడ్డంతా నవ్వింది. వాడు కూర్చోవడానికి బల్ల కోసం తడుముకున్నాడు.

మా వాకిట్లో వాడు నన్ను ఆపాడు. "నా మీద కోపంతో అక్క మాట కూడా ముంచేశారు కదా బావా."

"ముంచినవాడివి నువ్వు. నేను తేల్చలేదు, అంతే."

తలుపేసుకున్నాను. దుర్భిణిని ఆమె చుట్టిన గుడ్డలోనే చుట్టి, తీసిన చోటే పెట్టాను. నల్లకొంగ ఆమె చెప్పినట్టే ఉంది. ఈ మాట ఇక్కడితో సరి. ఇక ఎవరడిగినా, వాడే వచ్చి కాళ్ళు పట్టుకున్నా, దీని గురించి నోరు విప్పను.