చుక్కల రూపాయి

హనుమత్ప్రసాద్ నోట అబద్ధం రాదని అమీర్‌పేటలో నాణేల పిచ్చి ఉన్నవాళ్ళందరి నమ్మకం. ఆయన భూతద్దం పెట్టి చూసి నకిలీ అన్నాడంటే అది నకిలీయే. అసలుది అన్నాడంటే ఇక దాని మీద అప్పీలు లేదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరయ్యాక సొంతూరు తెనాలి వెళ్ళిపోకుండా ఈ దుమ్ములో, ఈ కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఎందుకు ఉండిపోయాడయ్యా అంటే వంద కారణాలు చెప్తాడు. అసలు కారణం ఒక్కటే. మైత్రివనం వెనక సందులో ఒక ఇరానీ హోటల్ ఉంది. ఆదివారం పొద్దున అక్కడ మూల బల్ల మీద బ్రిటిష్ కాలపు నాణేలు పరుచుకుని, ఐదారుగురు తలపండిన పెద్దమనుషులు చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటారు.

ఆయన భార్య ఛాయాదేవి లెక్కలో అది పిచ్చి కాదు, రెండో కాపురం. ఆయన ఆల్బమ్ ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా "ఏంటి, విక్టోరియా రాణిగారికి కూడా కాఫీ కలపమంటారా?" అని అడుగుతుంది. ఆయన పలకడు. పలికితే ఇంకో రెండు తగులుతాయని తెలుసు.

ఆ ఆల్బమ్‌లో ఒక గడి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. అది 1862 రూపాయిల పేజీ. దొరలు ఆ ఒక్క సంవత్సరం అంకె మీదే చాలా ఏళ్ళ పాటు రూపాయిలు కొడుతూ పోయారు. ఏది ఎప్పుడు కొట్టిందో టంకశాలవాళ్ళు గుర్తుపట్టడానికి అంకె పైనా కిందా సన్నటి చుక్కలు వేశారు. మామూలు కంటికి అవి మట్టి మరకలు. తెలిసినవాడికి మాత్రం నిద్ర పట్టనివ్వవు. హనుమత్ప్రసాద్ దగ్గర ఇంచుమించు అన్ని రకాలూ చేరాయి. ఒక్క చుక్కల వరస మాత్రం పుస్తకాల్లో బొమ్మగా చూడటమే తప్ప చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు.

అది ఒక ఆదివారం రాజనర్సయ్య చొక్కా జేబులోంచి బయటికొచ్చింది.

రాజనర్సయ్య సనత్‌నగర్‌లో లేత్ మిషన్ ముందు నిలబడి వయసంతా కరగదీసిన మనిషి. యూసుఫ్‌గూడలో ఇల్లు. నాణేల గోలలోకి ఆయన్ని లాక్కొచ్చింది హనుమత్ప్రసాదే. అందుకని ఆయనకు సార్ మాటంటే మాటే.

"సార్, జర గిది చూడుండ్రి. అమ్మ పెట్టె సదురుతుంటే ఎల్లింది. ఆమెకు వాళ్ళత్త ఇచ్చిందంట" అన్నాడు. ఆయన తల్లి మంగవ్వ అప్పటికే మంచాన పడి ఉంది.

ఒక వైపు విక్టోరియా రాణి, చెంప మీద సన్నటి గీత. హనుమత్ప్రసాద్ రూపాయిని తిప్పి, అంకె మీద భూతద్దం ఆనించాడు. పైన చుక్కలు, కింద చుక్కలు. మళ్ళీ చూశాడు. ఇన్నాళ్ళూ ఏ కలకత్తాలోనో, ఏ లండన్‌లోనో ఉందనుకున్నది ఇదిగో, యూసుఫ్‌గూడలో ముసలామె చీరల అడుగున పడి ఉంది!

అప్పుడు ఆయన ఆవలించాడు.

ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళందరికీ తెలిసిన ఎత్తే అది. మనసు పడ్డదాన్ని చూసి ఆవలించాలి. పక్కన పడెయ్యాలి. నాలుగు వారాలు పోనిచ్చి, వేరే మాటల్లో పెట్టి, ఏదో ఒకటి చేతిలో పెట్టి మార్చేసుకోవాలి. కొత్తవాళ్ళ మీద, దళారుల మీద వేసే ఎత్తు అది. తనను దేవుడిలా చూసే మనిషి మీద ఎవడూ వెయ్యడు. ఆ రోజు హనుమత్ప్రసాద్ వేశాడు.

"మామూలుదే నర్సయ్య గారూ. బాగా అరిగిపోయింది కూడా. అమ్మగారి గుర్తుగా ఇంట్లో ఉంచుకోండి."

రాజనర్సయ్య మొహం చిన్నబోయింది. "గట్లనా సార్" అన్నాడు. బల్లకి అవతల కూర్చున్న ఇంకో నాణేల పెద్దమనిషి దుర్గేష్ "ఏదీ, నన్నూ ఓసారి చూడనివ్వండి" అని చెయ్యి చాపాడు. రాజనర్సయ్య మాత్రం రూపాయిని జేబులో వేసేసుకున్నాడు. "సార్ చూసినంక ఇంకేందన్నా చూసేది" అని చాయ్ తాగాడు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ హనుమత్ప్రసాద్ కాలు నేల మీద నిలవలేదు. మెరుపు పోని జార్జి రాజు రూపాయి ఒకటి తీసి విడిగా పెట్టాడు. రాజనర్సయ్యకి దాని మీద ఎప్పట్నుంచో కన్ను. అది ఇచ్చి ఇది తీసుకుంటే మోసం ఎలా అవుతుంది? మార్పిడి అవుతుంది. పైగా నర్సయ్యకి చుక్కలేం తెలుసు, పాపం, మెరుపు ముఖ్యం. ఇలా తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. చెప్పుకున్నకొద్దీ నిజమనిపించింది కూడా.

ఆ నాలుగు వారాలు గడవక ముందే ఫోన్ వచ్చింది. "అమ్మ పోయింది సార్" అని రాజనర్సయ్య ఏడుస్తున్నాడు.

హనుమత్ప్రసాద్ ఆటో ఎక్కి యూసుఫ్‌గూడ వెళ్ళేసరికి వాకిట్లో టెంటు వేసేశారు. మంగవ్వని చాప మీద పడుకోబెట్టారు. మొహాన పసుపు, తల దగ్గర దీపం. నుదుటి మీద, కుంకుమ పెట్టేచోట, వెండి రూపాయి బిళ్ళ.

రాణి చెంప మీద సన్నటి గీత. అదే.

పోయినవాళ్ళ నుదుట బిళ్ళ పెట్టడం ఆయన చూడని ఆచారమేం కాదు. కొందరు కాటికి వెళ్ళాక తీసేస్తారు, కొందరు తియ్యరు. దండం పెట్టి లేచి, రాజనర్సయ్యని పక్కకి తీసుకెళ్ళాడు. "బిళ్ళ మళ్ళీ తీసేస్తారు కదండీ?" అని అడిగాడు.

"మా దాంట్ల తియ్యరు సార్. ఆమెతోనే పోవాలె."

"అది కాదు నర్సయ్య గారూ, అత్తగారిచ్చిన వస్తువంటిరి కదా. కాల్చేస్తే మళ్ళీ వస్తుందా? ఇదిగో, నా దగ్గర పది రూపాయల బిళ్ళ ఉంది. ఇది పెట్టండి, దాన్ని దాచుకోండి."

రాజనర్సయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆమెది ఆమెతోనే పోనీయుండ్రి సార్. గొప్పదైతే దాచిపెడుదుము. మామూలుదేనాయె. మీరే జెప్పితిరి గదా."

హనుమత్ప్రసాద్ నోరు తెరిచాడు. ఒక్క ముక్క చాలు. నేను అబద్ధం చెప్పాను, అంతే. రూపాయి దక్కుతుంది. కానీ ఆ తర్వాత ఈ మనిషి మొహం ఎలా చూడటం? దుర్గేష్‌కి తెలుస్తుంది, హోటల్ బల్లంతా తెలుస్తుంది. ఛీ, ముసలామె శవం ముందు నిలబడి ఏం లెక్కలివి? తెరిచిన నోరు మూసుకున్నాడు. అటు రాజనర్సయ్య కూతురు పింకీ, జారుతున్న బిళ్ళని ఇంకాస్త తడి పసుపుతో నాయనమ్మ నుదుటికి గట్టిగా అద్దింది.

పంజాగుట్ట శ్మశానంలో చితి అంటుకుంది. గోడ అవతల ఫ్లైఓవర్ మీద హారన్ల మోత. రాజనర్సయ్య కొడుకు నరేశ్ తండ్రిని పట్టుకుని నిలబడ్డాడు. మంట తల వైపుకి పాకినప్పుడు హనుమత్ప్రసాద్ ఉన్నట్టుండి భోరుమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోయారు. నర్సయ్య తల్లి కోసం ఆంధ్రా సారు ఎంతగా ఏడుస్తుండో చూడు అని ఒకాయన పక్కనవాడితో అన్నాడు. ఆ మాట హనుమత్ప్రసాద్ చెవిన పడింది. ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మూడో రోజు చితిలో ఎముకలు ఏరడానికి పోతుంటే తనూ వస్తానన్నాడు. "మీకెందుకు సార్ గీ తిప్పలు" అన్నా వినలేదు. నీళ్ళు చల్లిన బూడిదలో రాజనర్సయ్య, నరేశ్ చేతికందినవి ఏరి కుండలో వేస్తున్నారు. హనుమత్ప్రసాద్ మాత్రం తల ఉండిన చోట మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో తవ్వాడు. గోళ్ళలోకి బూడిద దూరింది. అడుగున ఇంకా వేడి ఉంది, వేళ్ళు చురుక్కుమన్నాయి. ఆపలేదు.

దొరికింది. తీసి పంచె అంచుతో తుడిచాడు. ఒక వైపు రాణి సగం మొహం మిగిలింది. తిప్పాడు. అంకె లేదు, పూలతీగ లేదు. అంతా కరిగి నున్నటి ముద్ద. చుక్కలుండాల్సిన చోట బొటనవేలితో రుద్దాడు, రుద్దాడు. ఏముంది అక్కడ, మట్టి!

భుజం మీద చెయ్యి పడింది. రాజనర్సయ్య కళ్ళ నిండా నీళ్ళు. "కన్నకొడుకును నేను. నాకంటె ఎక్కువ జేస్తున్నరు సార్ మీరు" అన్నాడు.

హనుమత్ప్రసాద్ ముద్దని ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.

"మీకో మాట చెప్పలే సార్. గా రూపాయి మీకిద్దామనే తెచ్చిన ఆ పొద్దు. అమ్మనే అన్నది. గది మంచిదని మీ సార్ అంటే సార్‌కే ఇచ్చెయ్యి బిడ్డా, నీకు ఇన్ని సంగతులు నేర్పిండు, మనమేమిచ్చినం ఆయనకు అని. మీరేమో మామూలుదంటిరి. మామూలుది మీ చేతుల ఎట్ల పెట్టాలె? సిగ్గయ్యింది. ఊకున్న."

ఆ మాటతో హనుమత్ప్రసాద్ బూడిదలోనే చతికిలపడ్డాడు. రాజనర్సయ్య ఆ ముద్దని ఆయన అరచేతిలోనే ఉంచి వేళ్ళు మూశాడు. "గిప్పుడు గిది మీదే సార్. కాదనకుండ్రి. మీ బుక్కుల వెట్టుకోండ్రి."

దినాలయ్యాక రాజనర్సయ్య అమీర్‌పేట వచ్చాడు. ఆ రూపాయి ఎక్కడ పెట్టారో చూస్తానన్నాడు. హనుమత్ప్రసాద్ ఆల్బమ్ తెరిచాడు. 1862 పేజీలో, మెరిసే రూపాయిల మధ్య, ఆ నల్లటి ముద్ద ఉంది. వేరే చోట పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు.

కాఫీ తెచ్చిన ఛాయాదేవి తొంగి చూసింది. "ఇదేంటండీ? ఎన్నేళ్ళుగానో ఈ గడిలోకి గొప్ప రూపాయి ఏదో రావాలని ప్రాణం తీశారు. అదేనా ఇది?"

"అదే" అన్నాడు హనుమత్ప్రసాద్.

ఆ రూపాయి గురించి ఆయన చెప్పిన మొదటి నిజం అది. రాజనర్సయ్య తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. "చూసిన్రా అమ్మా, మా అమ్మ మామూలు రూపాయిని సార్ ఎంత పెద్దగ జేసిండో" అన్నాడు.